తెలుగు బీరువా తాళం

ఇంటిపన్ను ఎంత కట్టామో గుర్తుంటుంది కానీ, అందులో ఏమేం ఉన్నాయో చూడం. చెన్నైలో ఆస్తిపన్నుకి తోడు 10 శాతం లైబ్రరీ సెస్ కూడా కడుతున్నాం. దీనికి మూలం 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం. అప్పటికి నెల్లూరు, గుంటూరు కూడా ఈ రాష్ట్రంలోవే. దాని కోసం పాటుపడిన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని 1931లోనే సూత్రం రాసిపెట్టారు.

మా పేట బ్రాంచి లైబ్రరీలో తెలుగు పుస్తకాలు మెట్ల కింద బీరువాలో ఉంటాయి, తాళం వేసి. కొత్తవి ఎందుకు తెప్పించరని అడిగితే అక్కడి ఉద్యోగి (మంచివాడే, పాపం) రిజిస్టరు తీసి చూపించాడు. ఏడాదిలో ఏడు తెలుగు పుస్తకాలు బయటికి వెళ్లాయి. ఐదు సంతకాలు నావే.

రిజిస్టరు అబద్ధం చెప్పదు. కాకపోతే వచ్చినవాళ్ల సంగతే చెబుతుంది, రానివాళ్లు ఎందుకు రాలేదో దానికేం తెలుసు? పుస్తకాలు పాతవి, బీరువా కంటికి కనబడదు, తాళంచెవి అడగాలి. ఇన్ని చేసి, తెలుగువాళ్లు చదవరని తేల్చేస్తే ఎలా? అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా మార్గదర్శకాలు ఇంకో మాట కూడా అంటాయి: చిన్న సమూహాలకి తలలు లెక్కపెట్టి పుస్తకాలు పంచితే చాలదు, ఒక్కోసారి తలకి కాస్త ఎక్కువే ఇవ్వాలి. నిజమే, పాతికమందే ఉన్నా ఎంచుకోవడానికి బీరువా అర ఒకటి నిండా పుస్తకాలుండాలి కదా.

ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ రావాలి, తెలుగువి కూడా. కానీ అది భద్రపరచడానికి. షోలింగనల్లూరు ఫ్లాటులో మనవడిని చూసుకునే అమ్మమ్మ అంత దూరం ఎలా వెళ్తుంది?

అసలు పాఠకులు ఈ అమ్మమ్మలూ తాతయ్యలే. చదవడం వచ్చు, మధ్యాహ్నమంతా ఖాళీ, తమిళం రాదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇళ్లలో పరిస్థితి తిరగబడింది. అక్కడ తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 2006 చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరయ్యాక వాళ్ల పిల్లలకి మన అక్షరాల దారి ఇంకా ఇరుకైంది. వాళ్లకి తమిళ లిపిలో అచ్చేసిన తెలుగు కథలు పెట్టాలంటాను. పండితులకి కోపం రావచ్చు, రానివ్వండి. ఆ లిపిలోనైనా పిల్లాడు చదివేది తెలుగే.

మన తెలుగు సంఘం తరఫున లైబ్రరీకి ఏదైనా చేద్దామంటే వెంటనే అటక మీది పాత వారపత్రికలు మూటగట్టి ఇస్తాం. దయచేసి అది మానేద్దాం. ముందు ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఏం కావాలో అడిగి, ఆ జాబితా చేత్తో పట్టుకుని లైబ్రరీకి వెళదాం.

మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు పెద్దవాళ్లతో నేను మొదలుపెట్టాను. లైబ్రరీ మూడు వీధుల అవతలే ఉందని ముగ్గురికి తెలియదు. నాలుగో ఆవిడ ఒకసారి వెళ్లొచ్చారట. మెంబర్‌షిప్ ఫారం తమిళంలో ఉంటే, తెచ్చి దేవుడి గూట్లో పెట్టారు.