పాత కారుకు పదిహేను వందల రూపాయల ఎల్ఈడీ: వాట్సాప్ సందేశానికి ఖండన

ఒడిశా సరిహద్దులో రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం ప్రాంతాల తెలుగు వాహనదారుల వాట్సాప్ గుంపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: పాత కారు లైట్లు వెలవెలబోతుంటే ఉన్న బల్బు పీకేసి, పదిహేను వందల రూపాయల ఎల్ఈడీ కిట్ గానీ 100/90 వాట్ల హాలోజన్ గానీ వేయించుకుంటే చాలు, ఎల్ఈడీ 20,000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) ఇస్తుంది, చూపు పది రెట్లు దూరం పోతుంది, వైరింగు ముట్టుకోనక్కర్లేదు, తెల్లని కాంతి సుంకి ఘాట్‌లో మంచును కోసుకుపోతుంది, కొత్త కార్లకు కంపెనీలే ఎల్ఈడీ ఇస్తున్నాయి కనుక చట్టం అడ్డు చెప్పదు.

ఆ సందేశం రాసినవారి బాధ నిజమైనదే. సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే దారిలో గానీ, పార్వతీపురం నుంచి రాయగడకు వచ్చే దారిలో గానీ, వెనుక దీపం లేని ఎడ్లబండి, సంత ముగించుకుని రోడ్డు అంచున నడిచి వెళ్లే జనం, మలుపులో ఆగిపోయిన లారీ పాత కారు లైట్లకు చివరి క్షణం దాకా కనబడవు. జబ్బు ఉన్నమాట వాస్తవం. సందేశం సూచించిన మందే తప్పు, ఎందుకంటే అది బల్బును చూసింది కానీ బల్బు చుట్టూ ఉన్నదాన్ని చూడలేదు.

ముందుగా ల్యూమెన్ల లెక్క. మన పాత కార్లలో ఎక్కువగా కనబడేది హెచ్4 బల్బు. హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు, అంటే డిమ్‌కు, 55 వాట్లు. 13.2 వోల్టుల దగ్గర హై బీమ్ ఫిలమెంట్ (బల్బులో వెలిగే తీగ) సుమారు 1650, లో బీమ్ ఫిలమెంట్ సుమారు 1000 ల్యూమెన్లు ఇవ్వాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఎల్ఈడీ వాట్ ఒక్కింటికి 150 ల్యూమెన్లు ఇస్తుందని ఉదారంగా ఒప్పుకున్నా, 20,000 ల్యూమెన్లు రావాలంటే దానికి 130 వాట్లకు పైగా కరెంటు పెట్టాలి, ఆ వేడినంతా బల్బు తోకలో ఉండే చిన్న ఫ్యాన్ బయటికి తోయాలి. కిట్ డబ్బా మీద మాత్రం 30 వాట్లనో 40 వాట్లనో ఉంటుంది. డబ్బా మీది రెండు అంకెలే ఒకదాన్నొకటి అబద్ధమంటున్నాయి. ఇక దూరం సంగతికొస్తే, వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, రెట్టింపు దూరంలోని వస్తువు మీద అంతే వెలుతురు పడాలంటే ఆ దిశలో నాలుగు రెట్ల కాంతి కావాలి. కాంతి నిజంగానే పది రెట్లయినా చూపు ఇంచుమించు మూడు రెట్ల దూరానికి మించి పోదు.

అసలు చిక్కు కాంతి పరిమాణంలో కాదు, అది పడే చోటులో ఉంది. హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే, గాజులో ముందువైపు ఉన్న లో బీమ్ ఫిలమెంట్ కింద గరిటె ఆకారంలో ఒక చిన్న లోహపు కవచం కనబడుతుంది. ఆ కవచం వల్ల కాంతి పైకి మాత్రమే వెళ్లి, బల్బు వెనుక ఉండే వంపు అద్దం (రిఫ్లెక్టర్) పై సగానికి తగిలి, అక్కడి నుంచి రోడ్డు మీదకు వంగుతుంది. కింది సగానికి తగిలితే అది పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది కనుకనే దాన్ని అడ్డుకున్నారు. రెండో ఫిలమెంట్‌కు ఆ కవచం లేదు, అందుకే అది హై బీమ్. హెడ్‌లైటు డూమ్ లోపలి ఆ అద్దం వంపు, గాజు మీద చెక్కిన గీతలు, మన దేశంలో ఎడమ వైపు నడిచే వాహనాలకు తగ్గట్టు ఎడమ అంచున మాత్రమే కాంతి కాస్త పైకి లేచే ఏర్పాటు, ఇవన్నీ సన్నని ఆ తీగచుట్ట ఫలానా చోట ఉంటుందన్న లెక్క మీద గీసినవి. దాని స్థానం ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా లెక్క చెడుతుంది.

ఎల్ఈడీ కిట్‌లో ఆ తీగ స్థానంలో రెండు వైపులా చిప్పులు అతికించిన లోహపు పలక ఉంటుంది. తీగ చుట్టూరా కాంతిని చిమ్ముతుంది, చిప్పు తన ముఖం ఉన్న వైపే చిమ్ముతుంది; పలకకు మందం ఉంది కాబట్టి రెండు చిప్పులూ తీగ ఉండవలసిన గీత మీద ఉండవు. ఫలితం గోడ మీద చూస్తే తెలిసిపోతుంది: డిమ్‌లో పెట్టినప్పుడు వెలుగుకూ చీకటికీ మధ్య ఉండవలసిన పదునైన గీత చెదిరి, దాని పైన మరకల్లాగా కాంతి పరుచుకుంటుంది. బండి ముందు అయిదారు మీటర్ల రోడ్డు పట్టపగల్లా మెరుస్తుంది, డ్రైవరు సంబరపడతాడు. ఆ దగ్గరి మెరుపుకే కనుపాప ముడుచుకుని, అరవై మీటర్ల దూరంలోని ఎడ్లబండి మునుపటికన్నా మసకగా కనబడుతుంది. పైకి చెదిరిన కాంతి ఎదురొచ్చేవాడికి చేరుతుంది. అతడు నడివయసు దాటినవాడైతే ఆ మిరుమిట్ల నుంచి కళ్లు తేరుకోవడానికి కుర్రవాడికన్నా ఎక్కువ సమయం పడుతుంది, ఘాట్ మలుపులో ఆ సమయం ఇద్దరికీ ప్రమాదమే.

కొత్త కార్లలో ఎల్ఈడీలు ఉన్నాయి కదా అన్న వాదనకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అక్కడ రిఫ్లెక్టర్‌ను లేదా లెన్సును ఆ చిప్పు కోసమే గీశారు. జర్మనీలో 2020 నుంచి హాలోజన్ డూముల్లో వేసుకునే కొన్ని ఎల్ఈడీ బల్బులకు అనుమతి ఇచ్చారన్నది నిజం. కానీ ఆ అనుమతి ఫలానా బల్బు ఫలానా మోడల్ కారు డూమ్‌లో ఎలా పనిచేస్తుందో పరీక్షించి, జాబితా రాసి ఇచ్చినదే తప్ప ఏ బల్బునైనా ఏ కారులోనైనా పెట్టుకొమ్మని కాదు.

వైరింగు విషయంలో సందేశం సగం నిజం చెప్పింది. ఎల్ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది, దానితో తీగలకు భారం లేదు. అదే నోటితో 100/90 హాలోజన్‌కూ వైరింగు అక్కర్లేదనడం మాత్రం బాధ్యత లేని మాట. 12 వోల్టుల లెక్కన 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగితే 100 వాట్ల బల్బు 8.3 ఆంపియర్లు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది ఇంచుమించు 2.8 రెట్లవుతుంది. చాలా పాత కార్లలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే మీట) ఉండదు, ఈ కరెంటంతా స్టీరింగు పక్కనున్న స్విచ్ గుండానే పోతుంది. రాయగడలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అలాంటి కారు హోల్డర్‌ను ఊడదీసి చూపించాడు: తెల్లగా ఉండవలసిన ప్లాస్టిక్ మూడు కాళ్ల చుట్టూ గోధుమరంగుకు తిరిగి, ఒక కాలు దగ్గర కరిగి కిందికి జారి ఉంది, ఇత్తడి కొస నల్లబడింది. “బల్బుదేటుంది బాబూ, హోల్డరే మాడిపోతేను!” అన్నాడతను. ఫ్యూజు పదే పదే పోతోందని పెద్ద ఫ్యూజు వేయించుకునేవారు ఆ మాడటాన్ని తీగ పొడవునా విస్తరింపజేస్తున్నారని గ్రహించాలి.

పాత కారులో వెలుతురు ఎక్కడ పోయిందో కూడా ఆ హోల్డరే చెబుతుంది. హాలోజన్ వెలుతురు వోల్టేజీ మీద ఎంత పట్టుగా ఆధారపడుతుందంటే, వోల్టేజీ 10 శాతం పడితే వెలుతురు 30 శాతం పోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉండి, తుప్పు పట్టిన ఎర్త్, అరిగిన స్విచ్, సన్నని తీగ దాటుకుని బల్బు కాళ్ల దగ్గరికి 11.2 వోల్టులే చేరితే, 13.2 వద్ద రావలసిన వెలుతురులో సుమారు 57 శాతమే వస్తుంది. లైటు వెలిగించి ఉంచి హోల్డర్ వెనుక మల్టీమీటర్ ముల్లు పెడితే నిమిషంలో తేలిపోయే విషయమిది. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ లాగి, ఫ్యూజుతో పాటు రిలే వేసి, ఎర్త్ కొత్తగా బిగిస్తే అదే 60/55 బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. స్విచ్ మీద భారం కూడా పోతుంది.

మంచు గురించి రెండు మాటలు చాలు. పొట్టంగి, సుంకి ప్రాంతాల్లో శీతాకాలపు తెల్లవారుజామున కమ్మే మంచులో నీటి బిందువులు కాంతి తరంగాలకన్నా చాలా పెద్దవి, వాటి ముందు తెలుపు, పసుపు అన్న భేదం పెద్దగా లెక్కలోకి రాదు. కాబట్టి పసుపు కాంతికి మంచును చీల్చే మహిమ ఉందనేవారి మాట కూడా అతిశయోక్తే. పైకి చెదిరిన కాంతి ఏ రంగుదైనా ఆ బిందువులకు తగిలి డ్రైవరు కళ్లలోకే తిరిగి వస్తుంది. పదునైన గీతతో కిందికి వంగిన డిమ్ లైటే అక్కడ పనికొస్తుంది, ఎల్ఈడీ కిట్ చెరిపేసేది సరిగ్గా ఆ గీతనే.

చట్టం అడ్డు చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌కు అదే అర్థాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం, అనుమతి లేని విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దారిలో ఎవరూ ఆపలేదన్నది అనుమతి కాదు. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కోసం ఆర్టీవో దగ్గరికి వెళ్లినప్పుడు లైట్లు కూడా చూస్తారు.

బల్బు జోలికి పోయే ముందు చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. ప్లాస్టిక్ డూమ్ పసుపెక్కితే పాలిష్ చేయించాలి. లోపలి అద్దం పూత లేచిపోతే ఏ బల్బు వేసినా వృథా, డూమే మార్చాలి. ఆ తరువాత చదునైన నేల మీద బండిని గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, డిమ్ లైటు గీత హెడ్‌లైటు మధ్య ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి పడేలా స్క్రూలు తిప్పించాలి. వెనుక సీటులో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే వెనుక భాగం దిగి గీత పైకి లేస్తుంది కనుక, ఎప్పుడూ నిండుగా తిరిగే బండిని ఆ బరువుతోనే నిలిపి సరిచేయించడం మంచిది. ఇదంతా చేసినా చాలదనిపిస్తే, అదే 60/55 వాట్లలో ఎక్కువ వెలుతురిచ్చే హాలోజన్ బల్బులు పేరున్న కంపెనీలవి దొరుకుతాయి. వాటి ఫిలమెంట్ ఎక్కువ వేడితో మండుతుంది కనుక త్వరగా పోతాయి. నీలిపూత ఉన్నవి మాత్రం కొనవద్దు, ఆ పూత ఉన్న వెలుతురులోనే కొంత మింగేస్తుంది.