పైలట్ గారి బిట్లు

దేశంలో విమానయానం బాగుపడాలంటే ముందు ఆకాశం తన పద్ధతి మార్చుకోవాలి. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. మా కోనసీమలో ఒక కుర్రాడు కమర్షియల్ పైలట్ లైసెన్సు పరీక్షలకు చదివే తీరు దగ్గరుండి చూశాక, తప్పంతా ఆకాశానిదేనని తేల్చుకున్నాను.

ఆ పరీక్షలు పెట్టే కేంద్ర విమానయాన సంస్థ డీజీసీఏ వారిని వేలెత్తి చూపడానికి లేదు. నేవిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్... ఏ పేపరు తీసినా ప్రశ్న కింద బుద్ధిగా ఆప్షన్లు. నూటికి 70 వస్తే పాసు. తప్పు పెట్టినా మార్కు కోయరు. ఎంసెట్ నీళ్ళు తాగిన బిడ్డకు ఇంకేం కావాలి? మనవాడు హైదరాబాదు నుంచి జిరాక్సు బిట్ బ్యాంకు తెచ్చుకున్నాడు. ప్రశ్నలో మొదటి మూడు మాటలు చూపించి మిగతాది చేత్తో మూసేసినా 'సి' అంటాడు. సియ్యే! ఎందుకు సి అని అడిగితే మాత్రం నొచ్చుకుంటాడు. చిక్కల్లా ఆకాశంతోనే. మబ్బు ఎదురొస్తే దాని కింద ఎ, బి, సి, డి ఉండవు.

జనవరిలో ఓ పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. రేడియేషన్ ఫాగ్ అనే పొగమంచు పాఠం వల్లిస్తున్నాడు. మబ్బు లేని రాత్రి, మెల్లని గాలి, తేమ నేల, తెల్లారేసరికి చల్లబడ్డ భూమి. బయట దాళ్వా నాట్లేసిన చేల మీద మంచు ఎలా కమ్మిందంటే, కాలవ అవతల బస్సు హారన్ వినిపిస్తోంది గానీ బస్సు జాడ లేదు. "వెధవ మంచు, వెలుతురు చాలట్లేదమ్మా" అని కిటికీ మూసేసి లైటేసుకున్నాడు. ఏకాగ్రత అంటే అదీ.

ఇక వాళ్ళ తాతగారు. 1996 నవంబర్ 6 తుఫానుకి కొబ్బరితోట మొత్తం నేలకొరగడం చూసిన మనిషి. ఈశాన్యం గాలి ఈడ్చి కొడితే అరుగు మీంచే "ఆగ్నేయాన సముద్రంలో ఏదో లేచిందర్రా" అంటారు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుందని మనవడి పుస్తకంలోనూ ఉంది, బైస్ బ్యాలట్ సూత్రం పేరుతో. లెక్క సరిపోయింది, కాదనను. కానీ పెద్దాయన మిగతా మూడు ఆప్షన్లు ఇవ్వలేదు కదా, మార్కులు ఎలా వేస్తాం?

సంక్రాంతికి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, భుజం మీద నాలుగు గీతలు. నాలుగు గీతలు కెప్టెన్‌వి. లైసెన్సు చేతికి రావడానికే 200 గంటలు నడపాలి. మనవాడు పాసైంది ఒక్క పేపరు. ఇలాంటి చిల్లర లెక్కలకు ఫ్లెక్సీలో చోటుండదు. దాని కింద నిలబడి ఓ పెద్దమనిషి "ఏవండీ, మనోడు ఇమానం తోలేటప్పుడు మనూరి మీద కాస్త కిందకి దించుతాడాండి?" అన్నారు. "ఆయ్, దించకేం చేత్తాడండి" అన్నాడు తండ్రి. కుర్రాడు మాత్రం "ఊళ్ళ మీద ఎత్తైన అడ్డంకి కంటే వెయ్యి అడుగులు పైన, ఆప్షన్ బి" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు గానీ అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు మనవాడికి రెగ్యులేషన్స్ అంటే ప్రాణం. రెండు విమానాలు ముక్కుకు ముక్కు ఎదురైతే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. మొన్న ముక్తేశ్వరం రోడ్డులో బైకు మీద వెళ్తుంటే కొబ్బరికాయల లారీ ఎదురొచ్చింది. క్షణం తడబడలేదు, కుడికి తిప్పేశాడు. లారీ డ్రైవరు బిట్లు చదవలేదు, పాపం, మామూలుగా తన ఎడమకే వచ్చాడు. కుర్రాడికి దెబ్బ తగల్లేదు గానీ బండిని కాలవలోంచి తాళ్ళేసి లాగాల్సొచ్చింది.

ఆ రాత్రే ఇంట్లో మీటింగు. రోడ్డు మీద ఒక్కడికీ రూల్సు తెలియవు, ఆకాశమే సేఫ్ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఫ్లయింగ్ స్కూలు ఫీజుకి ఇంకో అరెకరం తోట బేరానికి పెట్టారు.