ఆ మెసేజ్‌లో ఉన్నది వాల్యూ ఇంజినీరింగ్ కాదు

భవనాల పనిలో ఉన్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. వాల్యూ ఇంజినీరింగ్ అంటే నాసిరకం సరుకు వాడటానికి పెట్టుకున్న ముద్దుపేరు. దానికి కన్సల్టెంట్ దండగ, కాంట్రాక్టరే చెప్పేస్తాడు. బడ్జెట్ దాటాక చూసుకుంటే సరిపోతుంది. పైగా కన్సల్టెంటుకు ఫీజు ఖర్చులో శాతంగా వస్తుంది కాబట్టి ఖర్చు తగ్గితే అతనికే నష్టం. నాకైతే ఇది మూడుసార్లు వచ్చింది. పచ్చి అబద్ధమైతే డిలీట్ చేసి ఊరుకునేవాణ్ణి. కానీ నాలుగో మాటలో చాలావరకు నిజముంది, మొదటి మాట వెనక ఉన్న కోపానికి కారణమూ ఉంది.

ముందు ఆ మొదటి మాటే చూద్దాం. ఈ పద్ధతి పుట్టింది సరుకు కొరతలో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి కావలసిన వస్తువులు దొరికేవి కావు. అక్కడ కొనుగోళ్లు చూసే ఇంజినీరు లారెన్స్ మైల్స్, వస్తువు కోసం వెతకడం మానేసి, అది చేసే పనిని ఇంకేది చేయగలదా అని వెతకడం మొదలుపెట్టారు. 1947 నాటికి అది వాల్యూ అనాలిసిస్ పేరుతో ఒక పద్ధతి అయింది. 1954లో అమెరికా నౌకాదళం తీసుకున్నాక వాల్యూ ఇంజినీరింగ్ అనే పేరు స్థిరపడింది. ఏ వస్తువైనా, ఏ గోడైనా ఏం పని చేస్తోందో ముందు రాసుకోవాలి. ఆ పని తగ్గకుండా ఖర్చు తగ్గించాలి, లేదా కాస్త ఖర్చు పెంచి అంతకంటే ఎక్కువ పని రాబట్టాలి. ఈ రెండో దారి సంగతి మెసేజ్ రాసినవాళ్లకు తట్టినట్టు లేదు.

అదెలా ఉంటుందో చూడాలంటే సెల్లార్‌లోకి దిగాలి. పిల్లర్ల మధ్య దూరం, సెంటర్ నుంచి సెంటర్‌కు, 7.5 మీటర్లు అనుకోండి. పిల్లర్ వెడల్పు 60 సెంటీమీటర్లు పోతే మిగిలేది 6.9 మీటర్లు. కారుకు 2.5 మీటర్లు లెక్కేస్తే రెండు కార్లు పడతాయి. మిగిలిన 1.9 మీటర్లలో పాత సామాన్లు పేరుకుంటాయి. అదే దూరాన్ని 8.1 మీటర్లు చేస్తే పిల్లర్ల మధ్య సరిగ్గా 7.5 మీటర్లు దొరుకుతుంది, మూడు కార్లు పడతాయి. బీములు కాస్త లోతు పెరుగుతాయి, స్టీలు పెరుగుతుంది. కానీ అన్నే కార్లకు తక్కువ చోటు చాలు. ఒక్కోసారి రెండో సెల్లార్ తవ్వే పనే తప్పుతుంది. పై అంతస్తుల గదులు ఆ కొలతకు ఒప్పుకోవాలనుకోండి, అది వేరే కుస్తీ. ఇందులో నాసిరకం ఎక్కడుంది?

ఇక ఆ కోపం సంగతి. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న మంటలు చెలరేగి 72 మంది చనిపోయారు. అంతకుముందు ఆ భవనానికి మరమ్మతులు చేసినప్పుడు, బయటి గోడకు ముందు అనుకున్న జింకు పలకలు తీసేసి, డబ్బు కలిసొస్తుందని మధ్యలో పాలిథిలిన్ పొర ఉన్న అల్యూమినియం పలకలు వేశారు. అక్కడా వాల్యూ ఇంజినీరింగ్ అనే మాటే వాడారు. ఆ పలక చేయాల్సిన పనులు రాసుకుని ఉంటే వాన ఆపడం, అందంగా కనబడటంతో పాటు నిప్పు పాకనివ్వకపోవడం కూడా ఆ జాబితాలో ఉండాలి. ఆ మూడోది పోగొట్టుకుని డబ్బు మిగుల్చుకోవడం వట్టి కోత. ఆ పేరుతో జరిగిన కోతలు చాలానే ఉన్నాయి, కాదనను.

కాంట్రాక్టరే చెప్పేస్తాడన్నది రెండో మాట. నిజమే, సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) ఎలా తిప్పి వాడితే రోజులు కలిసొస్తాయో, ఏ సరుకు వేళకు అందుతుందో అతనికి తెలిసినంతగా డ్రాయింగు గీసినవాడికి తెలియదు. మిగిలిన డబ్బులో కాంట్రాక్టరుకు వాటా ఇచ్చే ఒప్పందాలు అందుకే వచ్చాయి. కానీ అతని చేతికి డ్రాయింగులు వచ్చేసరికి కొన్ని పొరపాట్లు వాటిలోనే గడ్డకట్టి ఉంటాయి. ఏసీ ఎంత పెద్దది కావాలన్న లెక్కే తీసుకోండి. ఎందుకైనా మంచిదని ఆర్కిటెక్టు 10 శాతం కలుపుతాడు. ఆ సంగతి తెలియక ఏసీ డిజైనర్ ఇంకో 10 శాతం వేస్తాడు. మిషను అమ్మేవాడు మరో 10 శాతం. ముగ్గురూ జాగ్రత్తపరులే, మొత్తం మాత్రం అవసరానికి 33 శాతం ఎక్కువ. డబ్బు పోవడం ఒక్కటే కాదు, అంత పెద్ద మిషను గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ అలాగే ఉండిపోతుంది. చల్లగా ఉన్నా జిడ్డుగా అనిపించే గదులు మీరూ చూసే ఉంటారు. ఈ మూడు లెక్కల్నీ ఒకే బల్ల మీద పెట్టి చూసే మనిషి కావాలి, కన్సల్టెంట్ పని అదే. అయితే ఆ డిజైన్ చేసిన కన్సల్టెంటే దాన్ని తప్పుపట్టుకుంటాడని ఆశించకండి. బయటి బృందంతో చూపించుకోవడం మేలు. నా డ్రాయింగుల్ని వేరేవాళ్లు చూసిన రోజు నాకూ టెన్షనే.

బడ్జెట్ దాటాక చూసుకుందామనే మూడో మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. పిల్లర్‌పై 1000 కిలోన్యూటన్ల బరువుంది, నేల చదరపు మీటరుకు 100 మోస్తుందని ఊహించి డిజైన్ చేస్తే ఫుటింగ్, అంటే పిల్లర్ కింద వేసే పునాది దిమ్మ, 10 చదరపు మీటర్లు కావాలి. సాయిల్ టెస్ట్‌లో 200 అని తేలి, కుంగుబాటు లెక్క కూడా సరిపోతే 5 చాలు. పునాది పడ్డాక ఈ రిపోర్టు దేనికి? ఆలస్యంగా మొదలుపెడితే కోయడానికి మిగిలేవి టైల్స్, లైట్లు, వాటర్‌ప్రూఫింగ్. అన్నిటికంటే ముందు కత్తి పడేది వాటర్‌ప్రూఫింగ్ మీదే, అది కంటికి కనబడదు కాబట్టి.

ఫీజు గురించిన నాలుగో మాటతో నాకు పేచీ లేదు. ఖర్చులో శాతంగా ఫీజు ఇస్తూ ఖర్చు తగ్గించమనడం మనిషికి పరీక్ష పెట్టడమే. మిగిల్చినదాంట్లో వాటా ఇస్తామంటే ఇంకో తంటా, కనబడిందల్లా కోసేస్తాడు. ముందే మాట్లాడుకున్న ఏకమొత్తం ఫీజు ఈ రెండింటికంటే నయం. దాంతోపాటు నేను ప్రతి మార్పుకూ ఒక పట్టిక అడుగుతాను. ఏం మారింది, అది ఏం పని చేసేది, కొత్తది ఆ పని చేస్తుందని ఎవరు లెక్క చూశారు, 20 ఏళ్ల నిర్వహణకు ఎంతవుతుంది అని నాలుగు గడులు. మూడో గడిలో పేరు లేకపోతే సంతకం పెట్టను.