హాట్ ప్యాక్ ఆగకూడదు

బహుమతులు ఇవ్వడం మా తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మేం ఎవరింటికి పోయినా చేతిలో లడ్డూ కవరు ఉంటే చాలు, కళ్లకద్దుకుని మరీ తీసుకుంటారు. 2009లో లడ్డూకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న ముద్ర, కూడా వచ్చింది కాబట్టి, స్థానిక ఉత్పత్తుల్ని ఆదరించే బాధ్యత కూడా దాంతోనే తీరిపోతోంది. ఇంత చక్కగా సాగుతున్న ఏర్పాటులోకి ఈ మధ్య కొందరు దూరి, పండక్కి బహుమతులు మన చుట్టుపక్కల కళాకారుల దగ్గరే కొనండని మొదలుపెట్టారు. వినడానికి బాగానే ఉంది. దానివల్ల బంధుత్వాలకు జరిగే నష్టం గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పడం లేదు. అందుకే నేను పూనుకోవాల్సి వచ్చింది.

బహుమతి అన్నది కదులుతూ ఉండాలి. మూడేళ్ల కిందట మా తోడల్లుడి గృహప్రవేశానికి హాట్ ప్యాక్ సెట్ ఇచ్చాం. మూడు గిన్నెలు, మెరూన్ రంగు. ఆయన దాన్ని పీలేరులో ఒక పెళ్లికిచ్చాడు. పెళ్లివాళ్లు చిత్తూరులో చెవులు కుట్టే ఫంక్షన్‌కు తీసుకుపోయారు. ఆ పైన ఏ ఊళ్లు తిరిగిందో తెలీదు గానీ, పోయిన దసరాకు మళ్లీ మా గుమ్మంలోకే వచ్చింది. అట్టపెట్టె అడుగున మా చిన్నోడు బాల్ పెన్నుతో గీసిన ఏనుగు చెక్కుచెదరలేదు. లోపల ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. మూడేళ్లలో ఒక్క చపాతీ మొహం చూడకుండా కనీసం నాలుగు కుటుంబాల పరువు కాపాడిన వస్తువది. ఇప్పుడు అటకమీద విశ్రాంతి తీసుకుంటోంది.

దాని బదులు శ్రీకాళహస్తి కలంకారీ, అంటే కలంతో బొమ్మలు గీసి రంగులేసిన గుడ్డ ఇచ్చామనుకోండి. తీసుకున్నవాళ్లు గోడకు తగిలించుకుంటారు, లేదంటే బీరువాలో దాచుకుంటారు. ఎవరికీ ఇవ్వరు. అంతే, గొలుసు తెగిపోయింది. పాపం, వాళ్లు తరువాతి పెళ్లికి డబ్బు పెట్టి కొత్త హాట్ ప్యాక్ కొనుక్కోవాలి.

మిగతావి కూడా ఆలోచించాను, ఆలోచించలేదని ఎవరూ అనకూడదు. మా జిల్లాలోనే మాధవమాల అనే ఊళ్లో కొయ్యబొమ్మలు చెక్కుతారు. దేవుడి విగ్రహం ఇస్తే పూజగదిలోంచి దాన్ని మళ్లీ బయటికి తీసే ధైర్యం ఎవరికుంది? ఎర్రచందనం రాజారాణి బొమ్మలూ ఉన్నాయి. బిల్లు ఉన్నా సరే, మా వైపు బస్సులో ఎర్రచందనం అనే మాట కాస్త గట్టిగా అంటే ముందు సీటు వాళ్లు కూడా వెనక్కి తిరుగుతారు. పలమనేరు మట్టిబొమ్మలు బాగుంటాయి గానీ, 2022లో జిల్లాలు విడదీశాక పలమనేరు చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. అంటే మాకిప్పుడది పరాయి జిల్లా సరుకు. వెంకటగిరి చీరలు మాత్రం నెల్లూరు జిల్లా నుంచి మాకు ఊరికే కలిసొచ్చాయి. వాటి ధర చెప్పి పండగపూట ఇంట్లో గొడవ తెచ్చుకోలేను.

ఇన్ని చెప్పినా మా ఆవిడ వినలేదు. "సంక్రాంతికి మా వదినకు మళ్లీ ఆ హాట్ ప్యాకే పట్టుకొస్తే, మీరొక్కరే పోండి" అంది. అందుకని కార్తీకంలో ఒక ఆదివారం శ్రీకాళహస్తికి బస్సెక్కాం. నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. బస్సులో సగం మంది రాహుకేతు పూజకు వస్తున్నవాళ్లే. దోషం ఉన్నది నాకొక్కడికేనని అప్పటికి తెలీదు.

ఒక సందులో, వసారాలో కూర్చుని ఒకాయన గుడ్డ మీద గీస్తున్నాడు. కలం అంటే ఏదో అనుకున్నాను. చెక్కిన వెదురుపుల్ల, దాని చుట్టూ ఊలు చుట్టి దారంతో బిగించారు, అంతే. రంగులో ముంచి, వేళ్లతో ఆ ఊలును మెల్లగా నొక్కుతూ నెమలి మెడను ఒక్క గీతలో దించాడు. మా ఆవిడ ఊపిరి బిగబట్టింది. నేను మాత్రం టైమ్ చూసుకున్నాను. అంగట్లో హాట్ ప్యాక్ కొని, రంగు కాగితం చుట్టించి బయటపడడానికి పది నిమిషాలు చాలు. ఇక్కడ నల్లరంగు తయారవడానికే, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఇరవై రోజుల దాకా నానాలట. మా ఆఫీసులో ఫైలు కూడా ఒక్కోసారి అంతకంటే ముందే కదులుతుంది. రంగు పాకిపోకుండా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారట. లీటరు పాల రేటు తెలిసిన గృహస్థు ఈ మాట విని కుదురుగా నిలబడగలడా?

ధర నాలుగున్నర వేలన్నాడు. నేను బేరం మొదలుపెట్టాను. మాల్‌లో బేరమాడితే సెక్యూరిటీవాడు అదోలా చూస్తాడు. కింద కూర్చుని పనిచేసేవాడి దగ్గర ఆ ఇబ్బంది లేదు.

"తిరుపతిలో ఇదే డిజైన్ చీరే ఆరొందలకు ఇస్తా ఉండారే" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది. పూర్తయిన గుడ్డ ఒకటి తీసి, అంచు తిప్పి చూపించాడు. వెనకవైపు కూడా రంగు దిగి ఉంది. "మీరు చెప్పేది మిషన్‌ది సార్. దాని వెనక్కి తిప్పి చూడండి, తెల్లగా ఉంటాది. ఇది వాసన చూడండమ్మా."

మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. "పాల వాసన" అంది, ఏదో సాధించినట్టు.

దీనికంతా మూలం ఎక్కడుందో నాకు తెలుసు. ఎప్పుడో కనుమరుగైపోవాల్సిన విద్య ఇది. చేతిపనుల కోసం జీవితమంతా తిరిగిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్లు పట్టుబట్టి, 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టించి, నిలబెట్టారు. అది చాలదన్నట్టు, 2008లో ప్రభుత్వం ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ ఇచ్చింది. ఇన్ని ప్రోత్సాహకాలిచ్చి ఇప్పుడు నా జేబు మీద పడితే ఎట్లా? హాట్ ప్యాక్‌కు ఏ పద్మశ్రీ వచ్చిందని అది ఇన్ని పెళ్లిళ్లు తిరుగుతోంది?

మా ఆవిడ నెమలి ఉన్నదే కావాలని అడ్వాన్సు ఇచ్చేసింది. ఒక్క రూపాయి తగ్గలేదు. తగ్గించమని నేనన్నప్పుడల్లా ఆమె నా కాలు తొక్కుతూ ఉంది.

"ఇంకేం పని మిగిలుంది?" అని అడిగాను.

"పటిక పెట్టాల, ఎరుపు ఉడకబెట్టాల, ఏట్లో జాడించాల, పసుపు రంగు వెయ్యాల, మళ్లీ జాడించాల, ఆరబెట్టాల" అన్నాడు. సందు చివరికేసి చెయ్యి చూపించాడు. అటువైపు స్వర్ణముఖి. "ఎండ కాసేటప్పుడు ఏట్లో నీళ్లుండవు సార్. నీళ్లొచ్చినప్పుడు ఎండ ఉండదు."

పైన మబ్బు కమ్ముకుంటోంది. మా ఆవిడ కొంచెం ఆదుర్దాగానే అడిగింది.

"పండగ లోపల ఇచ్చేస్తావు కదా అన్నా?"

ఆయన కలాన్ని రంగులో ముంచి, మబ్బుకేసి ఒకసారి చూసి, "ఏ పండక్కమ్మా?" అన్నాడు.

తిరుగు బస్సులో మా ఆవిడ ఫోన్‌లో ఉగాది ఏ తారీఖో వెతుకుతోంది. సంక్రాంతి లోపల అటక మీది నుంచి హాట్ ప్యాక్ దించాలి. ఏనుగు కనపడకుండా చుట్టాలంటే రంగు కాగితం రెండు షీట్లైనా పడుతుంది.