అప్పగింతల రేవులో ఒక పగలు

పడవ మీద భోజనానికి పిలిస్తే వెళ్ళవచ్చా, కూడదా అన్న సంగతి మన ధర్మశాస్త్రాలు తేల్చలేదు. సముద్రం దాటితే దోషమన్నాయి, ప్రాయశ్చిత్తం చెప్పాయి, అంతటితో చేతులు దులుపుకున్నాయి. దాటకుండా ఒడ్డు వెంబడే తిరిగి, నడుమ ఒక పూట భోంచేసి, పొద్దు వాలేసరికి ఎక్కిన చోటే దిగేవాడి గతి ఏమిటో ఒక్క స్మృతికారుడూ రాయలేదు. ఈ లోటు పూరించడానికి తగిన అర్హత నాకున్నదని సవినయంగా మనవి చేస్తున్నాను. నేను మెక్సికోలోని వతుల్కోలో ఉదయం పదింటికి లాంచీ ఎక్కి సాయంత్రం అయిదింటికి దిగినవాణ్ణి. ముక్కు మీద తోలు ఊడింది. ఋజువు కావలసినవారు వచ్చి చూడవచ్చు.

వతుల్కో పేరుకు ముందు స్పానిష్ వాళ్ళు ఒక ‘హెచ్’ రాస్తారు, పలికేటప్పుడు మింగేస్తారు. రాసినవన్నీ ఇచ్చి తీరాలని ఎక్కడా లేదన్న హెచ్చరిక ఆ ఊరి పేరులోనే ఉంది. నాకది టికెట్టు కొన్న తరవాత గానీ తట్టలేదు.

పసిఫిక్ తీరాన, వహాకా రాష్ట్రంలో, సుమారు 35 కిలోమీటర్ల పొడవున 9 అఖాతాలు, వాటిలో 36 బీచ్‌లు. అఖాతం అనగానే మనకు బంగాళాఖాతం, అందులో అల్పపీడనం, రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక గుర్తొస్తాయి. అక్కడి అఖాతాలకు అంత పరువు లేదు. ఒక్కొక్కటీ మన వైపు పెద్ద చెరువంత ఉంటుంది. అల్పపీడనం వచ్చినా కాళ్ళు ముడుచుకుని కూర్చోవలసిందే. అయితే నీళ్ళు మాత్రం అబద్ధం చెప్పవు: ఒడ్డు దగ్గర కొబ్బరినీళ్ళలా, నాలుగు బారలు లోపలికి నెమలి మెడలా ఉంటాయి. వ్యంగ్యం రాయడానికి కూర్చున్నవాణ్ణి కనుక ఈ విషయం మళ్ళీ ఎత్తను.

లోకరీతి ప్రకారం ఒక చోటు అందంగా ఉందని ముందు జనానికి తెలుస్తుంది, తరవాత టీ కొట్టు వస్తుంది, ఆ తరవాత బస్సు, చిట్టచివర ప్రభుత్వం. మెక్సికో వారు ఈ క్రమాన్ని తిరగేశారు. సముద్రతీరంలో స్వర్గం ఎక్కడెక్కడ ఉండాలో రాజధానిలో ఫైలు మీద నిర్ణయించడం మొదలుపెట్టారు. 1970 ప్రాంతంలో కాన్‌కూన్ అనే సముద్రతీర విహార పట్టణం అలాంటి ఫైలులోంచే పుట్టింది. 1974లో ఈ పనికే ఫొనాతూర్ అనే ప్రభుత్వ సంస్థ వెలిసింది. 1984లో వతుల్కో వంతు వచ్చింది. దాదాపు 21 వేల హెక్టార్ల భూమి సేకరించారు. సాంతా క్రూస్ రేవులో వలలు ఆరబెట్టుకునే వాళ్ళను లోపలికి జరిపి, లా క్రుసెసీత అనే కొత్త ఊళ్ళో పెట్టారు. సముద్రం ఒడ్డున ఉన్నవాణ్ణి లోపలికి పంపి, ఎక్కడి నుంచో వచ్చినవాడికి సముద్రం చూపించడాన్ని అభివృద్ధి అంటారు. భూసేకరణ తెలుగు పాఠకులకు కొత్త కాదు కనుక ఇంతకంటే వివరించి వారి తెలివిని అవమానించను.

మేం ఉండేది హ్యూస్టన్‌లో. భారతీయ పాస్‌పోర్టులో అమెరికా వీసా ప్రాణాలతో ఉంటే చాలు, మెక్సికో వాళ్ళు విడిగా వీసా అడగరు. టెక్సస్ తెలుగు కుటుంబాల్లో డిసెంబరు సెలవులకు ముందు రేగే కలహాల్లో సగానికి ఈ ఒక్క నిబంధనే మూలం. మా బావమరిది అంతకు ముందు ఏడాదే వెళ్ళివచ్చాడు. ఈసారి మేం నలుగురం, అతను ఒక్కడు. “బావా, ఏడు అఖాతాలు, ఒకటే టికెట్టు” అన్నాడు. నేను మాట్లాడలేదు. “భోజనం కూడా ఉంటుంది” అన్నాడు. సంతకం పెట్టాను.

ఉన్నవి తొమ్మిదైతే ఏడేనా అని రేవులో అడిగాను. టికెట్ల కుర్రాడు తూర్పు వైపు చెయ్యి ఊపి ఏదో అన్నాడు. తొమ్మిదికి ఏడంటే 78 శాతం. మా రోజుల్లో దాన్ని డిస్టింక్షన్ అనేవారు కనుక ఊరుకున్నాను. రేవు రుసుము వేరన్నాడు. కట్టాను. జాతీయ పార్కు రుసుము వేరన్నాడు. కట్టాను. పెళ్ళిలో కంకణం కట్టినంత శ్రద్ధగా మణికట్టుకు ఒక కాగితపు పట్టీ చుట్టాడు. అక్కడ లాంచీని ‘లాంచా’ అంటారు. ఈ ఒక్క మాటతో నాకు పరాయి దేశంలో ఉన్నానన్న బెరుకు పోయింది. పాపికొండలకు పోతున్నట్టే చెప్పులు విప్పి సీటు కింద పెట్టుకున్నాను. అవి సాయంత్రం వేరేవాళ్ళ సీటు కింద దొరికాయి.

మేం లాంచీ ఎక్కిన రేవు సాంతా క్రూస్. ఆ మాటకు అర్థం పవిత్ర శిలువ. ఒకప్పుడు ఆ ఒడ్డున పెద్ద కొయ్య శిలువ ఉండేదట. 1587లో థామస్ కావెండిష్ అనే ఇంగ్లిష్ సముద్రపు దొంగ ఊరు తగలబెట్టి, ఆ శిలువను కూడా నరకబోయాడు, కాల్చబోయాడు, ఓడకు తాళ్ళు కట్టి పెకలించబోయాడు. అది కదల్లేదని ఐతిహ్యం. ఆ మహిమ విన్న భక్తులు తండోపతండాలుగా వచ్చి, తలా ఒక పేడు చెక్కి ఇంటికి పట్టుకుపోసాగారు. ఇలాగైతే ఏమీ మిగలదని 1612లో బిషప్పు మిగిలిన కొయ్యను వహాకా నగరంలోని పెద్ద చర్చికి తరలించాడు. దొంగ గొడ్డలికి లొంగనిది భక్తుడి చాకుకు లొంగింది. యాత్రికుణ్ణి తక్కువ అంచనా వేయరాదు.

లాంచీ కదిలింది. ఏడు అఖాతాల్లో ఎక్కిన రేవును కూడా ఒకటిగా లెక్క వేశారని అప్పుడు తెలిసింది. తీర్థయాత్రలో మన ఇంటి గడపను మొదటి క్షేత్రంగా చూపించినట్టు. తరవాత ఓర్గనో వచ్చింది, పోయింది. మగెయ్ వచ్చింది, పోయింది. మైకు పట్టుకున్న కుర్రాడు “అదిగో” అన్నప్పుడు లాంచీ వేగం తగ్గుతుంది, నలభై ఫోన్లు లేస్తాయి, “ఇదిగో” అనేలోపు వేగం పెరుగుతుంది. ఒక రాతిలో కోతి ముఖం ఉందన్నాడు. అందరూ ఉందన్నారు. నాకు రాయి కనిపించింది. తాబేలు అని ఎవరో కేక వేశారు. జనమంతా ఎడమ పక్కకు దూకేసరికి లాంచీ కూడా కుతూహలంగా అటే వంగింది. నేను చూసినవి పదిహేడు వీపులు. మా అబ్బాయి తాబేలును చూశానంటాడు. మా ఆవిడ కూడా చూశానంటుంది. వాళ్ళ ఫోనులో ఉన్నది ఒక బుడగ.

కకలూతా, చచకువల్ అనే రెండు అఖాతాలు 1998లో ఏర్పడిన జాతీయ పార్కులోవి. ఒడ్డున హోటలు లేదు, గుడిసె లేదు, గొడుగు లేదు. తెల్లని ఇసుక మీద కొంగ ఒక్కటే ఒంటికాలి మీద నిలబడి ఉంది. దిగుదామా అన్నాను. ఇక్కడ ప్రవాహాలు మంచివి కావు, పైగా భోజనం వేళయింది అన్నారు. దిగాలనిపించిన చోట్లు ఆ రెండే. ఎవరూ దిగనందువల్లే అవి అలా ఉన్నాయన్న తర్కం నాకు తెలియక కాదు. ఎవరూ దిగకూడదు, నేనొక్కణ్ణీ దిగాలి అన్నదే ప్రకృతి ప్రేమికులందరి నిశ్చితాభిప్రాయం. నేను దానికి భిన్నుణ్ణి కాను.

భోజనానికి సాన్ అగుస్తీన్ ఒడ్డున దింపారు. తాటాకు పందిళ్ళ కింద వరసగా హోటళ్ళు. కూర్చున్నాం. భోజనాల పట్టిక తెచ్చారు. పట్టికలో ధరలు ఉన్నాయి. బావమరిది వైపు చూశాను. అతను సముద్రం వైపు చూశాడు. టికెట్టు తీసి మళ్ళీ చదివించాను. అందులో ఉన్నది ‘భోజన విరామం’. విరామానికి మేం విడిగా ఏమీ చెల్లించనక్కర్లేదు. గంటన్నర సేపు ఎంత విరామమైనా ఉచితమే. భోజనం వేరు.

శాకాహారి అయిన మా ఆవిడకు అన్నం చెప్పాం. అది కోడి రసంలో ఉడికిందన్నారు. త్లాయూదా అని పళ్ళెమంత పెద్ద కరకరలాడే రొట్టె ఒకటి ఉంది, దానికి అడుగున పంది కొవ్వు పూస్తారట. చివరికి అవకాడో పచ్చడి తెప్పించాం. దాని పక్కన ఆకుపచ్చ మిరపకాయలను చూసి ఆవిడ ముఖం విప్పారింది. వేయించిన మిడతలు తెచ్చి, ఇవి వహాకా ప్రత్యేకత అన్నారు. మా అబ్బాయి నిమ్మకాయ పిండుకుని పప్పుబిళ్ళల్లా నమిలాడు. వాడి తాతకు ఈ సంగతి తెలియకుండా చూడగలరని పాఠకులకు మనవి. తాగడానికి ఎర్రని నీళ్ళు ఇచ్చారు, ‘హమైకా’ అన్నారు. ఒక గుక్క తాగి నేను స్థాణువునయ్యాను. అది ఎర్ర గోంగూర! మనం ఆకు నూరుకుని కాయ చుట్టూ ఉండే ఎర్రటి దళాలను వదిలేస్తాం. వాళ్ళు ఆ దళాలను కాచి చక్కెర కలిపి చల్లగా తాగుతారు, ఆకు ఊసే ఎత్తరు. రెండు మహాజాతులు ఒకే మొక్కను చెరిసగం వృథా చేస్తున్నా ఏ అంతర్జాతీయ సదస్సులోనూ చర్చ జరగకపోవడం శోచనీయం.

మెక్సికోలో బీచ్‌లన్నీ జాతి ఆస్తి. దారికి అడ్డుపడేవారికి జరిమానా వేసేలా 2020లో చట్టం కూడా చేశారు. అందుచేత ఇసుక మీద నిలబడటానికి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. కుర్చీకి అడిగారు. నీడకు అడిగారు. నీడ జాతి ఆస్తి కాదట.

తిరుగు ప్రయాణంలో చివరి మజిలీ లా ఎంత్రేగా. పగడాలు చూసే చోటు. వాటికి హాని కనుక క్రీములు రాసుకుని దిగవద్దన్నారు, నేను అక్షరాలా పాటించాను, ఫలితం నా ముక్కు. కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం. ఆ గొట్టం నాకంటే ముందు ఎందరి నోళ్ళలో ఉన్నదో ఆలోచించకుండా తల ముంచాను. కింద కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి పగడపు గుబుర్లు, వాటి మధ్య పసుపు మీద నల్ల చారల చేపలు. మనం ఊపిరి తీసిన ప్రతిసారీ మన చెవికే గురకలా వినిపిస్తుంది. నిమిషంపాటు టికెట్టు గురించి మరిచిపోయాను. అప్పుడు ఎవరి కాలో నా మెడకు తగిలింది.

పైకి వచ్చి, ‘ఎంత్రేగా’ అంటే ఏమిటని అడిగాను. అప్పగింత అన్నారు. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలంటే సన్నాయి ఒకటి ఏడిపిస్తుంది, ఆడపెళ్ళివారు ఏడుస్తారు. ఇక్కడ అప్పగించినది పెళ్ళికూతుర్ని కాదు, మాజీ అధ్యక్షుణ్ణి. విసెంతె గెరేరో స్వాతంత్ర్య సమర యోధుడు, 1829లో మెక్సికోకు రెండో అధ్యక్షుడు, ఆ ఏడాది సెప్టెంబరు 15న బానిసత్వాన్ని రద్దు చేసినవాడు. ఏడాది తిరక్కుండానే సొంత ఉపాధ్యక్షుడు బుస్తమాంతే అతణ్ణి గద్దె దింపాడు. గెరేరో దక్షిణాది కొండలు పట్టి పోరాడాడు. సైన్యం అతణ్ణి పట్టుకోలేకపోయింది. 1831 జనవరిలో అకపుల్కో రేవులో ఫ్రాంచెస్కో పికలూగా అనే జెనోవా నావికుడు, తన ఓడ కొలంబో మీదికి భోజనానికి రమ్మని పిలిచాడు. ఫిరంగులకు చిక్కని మనిషి విస్తరికి చిక్కాడు. భోజనమయ్యాక బంధించారు, ఓడ లంగరెత్తింది, తీరం వెంబడి వచ్చి ఈ ఇసుక మీదే ప్రభుత్వ సైనికులకు అప్పగించారు. పికలూగాకు మాట్లాడుకున్న వెల 50 వేల పెసోలు. ఫిబ్రవరి 14న క్విలాపాన్‌లో గెరేరోను కాల్చి చంపారు. ఆయన అడుగుపెట్టిన చోట ఇప్పుడు కొత్త దంపతులు చేతులతో హృదయాకారం చేసి ఫొటోలు దిగుతున్నారు.

ఈ వృత్తాంతం విన్న క్షణాన నాకు జ్ఞానోదయమైంది. పర్యాటక రంగానికి ఆద్యుడు ఫొనాతూర్ కాదు, పికలూగా. అతిథి తనంతట తానే నవ్వుతూ ఎక్కుతాడు. భోజనం ఆశ చూపిస్తారు. తీరం వెంట తిప్పుతారు. ఒడ్డున కాచుకుని ఉన్నవారికి అప్పగిస్తారు. మమ్మల్ని కుర్చీల వాడికి, జడలు అల్లే ఆవిడకు, రామచిలుకను భుజం మీద పెట్టి ఫొటో తీసే పెద్దమనిషికి వరసగా అప్పగించినట్టే. తేడా ఒక్కటే ఉంది, న్యాయంగా చెప్పాలి: పికలూగా భోజనానికి విడిగా డబ్బు అడగలేదు.

రేవులో దిగుతుంటే టికెట్ల కుర్రాడు ఎదురొచ్చి మా బావమరిది భుజం తట్టాడు. జేబులోంచి ఒక కార్డు తీసుకుని దాని మీద నాలుగు ముద్రలు టకటకా కొట్టి ఇచ్చాడు. నలుగురిని తెచ్చినవారికి అయిదో టికెట్టు ఉచితమట. బావమరిది ఆ కార్డు దాచుకోవడానికి చూశాడు గానీ తడి చేతులకు జారింది. నేనే తీసి ఇచ్చాను. “నీ వెల ఎంతరా అబ్బాయి?” అన్నాను. “ఒక టికెట్టే కదా బావా” అన్నాడు. 50 వేల పెసోల నుంచి ఈ వృత్తి ఎంత చితికిపోయిందో చూసి నాకు కోపం కంటే జాలి ఎక్కువ కలిగింది. కుర్రాడు నా చేతిలోనూ ఒక ఖాళీ కార్డు పెట్టాడు.

ఆ రాత్రి ముక్కుకు కలబంద గుజ్జు రాసుకుని డల్లాస్‌లో ఉన్న మా తోడల్లుడికి ఫోను చేశాను. వాళ్ళు కూడా నలుగురే.

“ఏడు అఖాతాలయ్యా, ఒకటే టికెట్టు” అన్నాను.

అతను కొంచెం తటపటాయించాడు. “ఒక రోజంతా నీళ్ళ మీదంటే, మరి తిండి సంగతి ఏమిటి అన్నయ్యా?”

“దానికేం భయం లేదు” అన్నాను. “భోజనం కూడా ఉంటుంది.”