ఒక సీసా, ముప్పావు మనిషి

జీవకణాల్లో ఉండే మూలకాలను డబ్బాలో పెట్టి తెమ్మని సైన్సు టీచరు చెప్పి వారమైందట. మా పాప నాకు చెప్పింది మాత్రం నిన్న రాత్రి తొమ్మిదింటికి.

పుస్తకం తెరిచాక కాస్త టెన్షన్ తగ్గింది. మనిషి బరువులో ఆక్సిజన్ 65 శాతం, హైడ్రోజన్ 10 శాతం. అంటే ఒక్క నీళ్ల సీసా నింపితే ముప్పావు మనిషి తయారు! 18 శాతం కర్బనానికి ఇస్త్రీ బండి దగ్గర రెండు బొగ్గులు, 3 శాతం నత్రజనికి పక్కింటి రైతు దగ్గర గుప్పెడు యూరియా, కాల్షియానికి పాన్ డబ్బా సున్నం. ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే 4 గ్రాములే కాబట్టి ఒక మేకు చాలు. గంధకానికి ఉడకబెట్టిన గుడ్డు. ఆ వాసన దానిదే. భాస్వరమే సతాయించింది. అది అగ్గిపుల్ల తలలో ఉంటుందని ఇన్నేళ్లూ నమ్మాను. తీరా చూస్తే పెట్టె పక్కన గీసే పట్టీలో ఉందట!

పొద్దున బండి మొరాయించింది. ఆత్మకూరులో హన్మకొండ బస్సెక్కాం. మనవడితో ఒక అవ్వ పక్కన కూర్చుంది.

"జర నీళ్లియ్యి కొడుకా, గొంతెండుతాంది."

కాదంటామా? గుటగుటా ముప్పావు మనిషిని తాగేసింది. తర్వాత సంచిలోంచి తమలపాకు తీసింది. మా డబ్బాలో సున్నం కనబడనే కనబడింది. పోరడు గుడ్డు చూసి ఏడుపందుకున్నాడు, ఇచ్చాను. తెగిన చెప్పు పట్టీకి మేకు గుచ్చుకుంది. దీపానికని అగ్గిపెట్టె కొంగున ముడేసింది.

ఇంతలో తెల్లటి గుళికలు చూసి అవ్వ కళ్లు పెద్దవయ్యాయి.

"యూరియనా! ఏడ దొరికింది బిడ్డా? లైన్ల నిలబడ్డా సంచి దొరుకుతలేదు."

"స్కూలు కోసం అవ్వా..."

"స్కూల్ల ఏం పంట ఏస్తరు? మా మిరప మొక్కలకన్న అక్కరకొస్తది."

పొట్లం కూడా కొంగులోకే పోయింది. ములుగు రోడ్డు దగ్గర లేచి, "సల్లగుండు కొడుకా" అని నా తల నిమిరింది. ఒళ్లో రెండు బొగ్గులు, తెల్ల చొక్కా మీద నల్ల మరకలు మిగిలాయి.

పాప కిటికీలోంచి చూస్తూ అంది: "డాడీ, మన ప్రాజెక్టు దిగిపోతోంది."