ఫీల్డ్ కోర్సులో చిన్న ప్రాజెక్టుకే పెద్ద పీట వేయాలి

బయాలజీ చదివే మన పిల్లలు ఉష్ణమండల ఫీల్డ్ కోర్సుకు (అడవిలోనే ఉండి చదివే కోర్సుకు) వెళ్తామన్నప్పుడు ఇంట్లో ముందుగా వచ్చే మాటలు ఖర్చు, పాములు, జ్వరాలు. అడగాల్సిన విషయాలే. అయితే కోర్సు మంచిదో కాదో తేల్చే ప్రశ్న ఇంకోటుంది: మొత్తం రోజుల్లో విద్యార్థి సొంత ప్రశ్న పట్టుకుని పనిచేసే రోజులెన్ని? పొద్దున్నే అడవి తిప్పి, రాత్రి ఉపన్యాసం చెప్పి, మర్నాడు ఇంకో చోటికి బస్సెక్కించే కోర్సులో చూసేది ఎక్కువ, నేర్చుకునేది తక్కువ. నాలుగు వారాల కోర్సులో రెండు మూడు చిన్న ప్రాజెక్టులు, చివర్లో వారం రోజుల స్వతంత్ర ప్రాజెక్టు లేకపోతే దానికి దరఖాస్తు పెట్టొద్దని మా సలహా.

మధ్య అమెరికా దేశం కోస్టారికాని ఉదాహరణగా తీసుకుందాం. అమెరికా విశ్వవిద్యాలయాలు, కోస్టారికా విశ్వవిద్యాలయం కలిసి 1963లో ఉష్ణమండల అధ్యయనాల కోసం ఆర్గనైజేషన్ ఫర్ ట్రాపికల్ స్టడీస్‌ని ఏర్పాటు చేశాయి. కోస్టారికాలో దాని కేంద్రాలు మూడు. లా సెల్వా తడి అడవి, ఏడాదికి సుమారు 4 మీటర్ల వాన. పాలో వెర్దేలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన దాదాపు ఉండదు, చెట్లు ఆకులు రాల్చేస్తాయి. లాస్ క్రూసెస్ కొండ ప్రాంతం, సుమారు 1,200 మీటర్ల ఎత్తు. మూడూ తిరిగితే కళ్ళు చెదురుతాయి. కానీ చూసిందల్లా రాసుకుంటే అది డేటా అయిపోదు. డేటా ఎలా పుడుతుందో, ఎక్కడ చెడుతుందో ఒక చిన్న ప్రాజెక్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఆకులు కత్తిరించే చీమలను చూడండి. లా సెల్వాలో అట్టా సెఫలోటెస్ అనే జాతి బారులు కాలిబాటల పక్కనే కనిపిస్తాయి. విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునే ప్రశ్నల్లో ఇదొకటి: చీమలే చెత్త తీసేసుకున్న వెడల్పాటి దారి మీద నడిచే చీమ, ఆకుచెత్త అడ్డొచ్చే సన్నదారి మీది చీమ కంటే పెద్ద ముక్క మోస్తుందా? కావలసిన సరంజామా తక్కువే. టేపు, స్టాప్‌వాచ్, మెత్తటి పట్టకారు, మూతలున్న చిన్న సీసాలు, కేంద్రంలో మిల్లీగ్రాము వరకు చూపే తూనిక. మట్టసంగా ఉన్న చోట ఒక మీటరు దూరం గుర్తుపెట్టి, చీమ ఆ దూరం దాటడానికి పట్టిన సెకన్లు రాసుకుంటారు. తర్వాత చీమను, ముక్కను వేరువేరు సీసాల్లో వేసి, రెండింటికీ ఒకే నంబరు ఇస్తారు.

ఇంత తేలిక పనిలో కూడా తప్పు దొర్లే చోట్లు బోలెడు. కన్ను పెద్ద ముక్క మీదికే పోతుంది, దాంతో పెద్ద ముక్కలు మోసేవే ఎక్కువగా సీసాలోకి చేరతాయి. దీనికి మందు ఒక్కటే: గడియారం ప్రతి 30 సెకన్లకు గీత దాటిన మొదటి చీమను, అది ఎలాంటిదైనా సరే, పట్టుకోవాలి. ముక్క మీద ఒక్కోసారి బుల్లి చీమ కూర్చుని వస్తుంది. మోసే చీమ మీద గుడ్లు పెట్టడానికి వచ్చే ఫోరిడ్ ఈగలను తరమడం దాని పనుల్లో ఒకటి. దాన్ని తీయకుండా తూస్తే ఆకు బరువులో చీమ బరువూ కలిసిపోతుంది. వాన పడ్డాక ముక్క తడిసి బరువెక్కుతుంది. సీసా మూత సరిగా పెట్టకపోతే సాయంత్రానికి ఎండి తేలికవుతుంది. గట్టి వాన పట్టుకుంటే చీమలు ముక్కలు వదిలేసి పోతాయి, ఆ పూట పని ఆగిపోయినట్టే. తూనిక పక్కన ఫ్యాను తిరుగుతుంటే అంకె నిలవదు. చేతికి దోమల మందు రాసుకుని బారు దగ్గర కూర్చుంటే చీమలు చెదిరిపోతాయి. పైగా అందులో డీట్ అనే రసాయనం ఉంటే ప్లాస్టిక్ స్టాప్‌వాచ్ కూడా పాడవుతుంది.

ఇవన్నీ సర్దుకున్నా అసలు చిక్కు అలాగే ఉంటుంది. ఒకే పుట్ట దగ్గర రెండు బారులు తీసుకుని వంద చీమలు కొలిస్తే తేడా చక్కగా కనిపించవచ్చు. కానీ ఆ రెండు బారులూ వెళ్ళేది రెండు వేరు చెట్ల దగ్గరికి. ఒక చెట్టు ఆకు మందం, ఇంకో చెట్టు ఆకు పలుచన. మరి కొలిచింది దారినా, ఆకునా? వంద చీమలున్నా పోల్చింది రెండే బారులు. ఈ పొరపాటుకు 1984లో జీవావరణ శాస్త్రవేత్త స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ సూడోరెప్లికేషన్ (నకిలీ పునరావృత్తి) అని పేరు పెట్టారు. తరగతిలో దీని నిర్వచనం అప్పజెప్పే విద్యార్థి కూడా అడవిలో ఈ గోతిలోనే పడతాడు, ఎందుకంటే ఇంకో పుట్ట వెతకాలంటే బురదలో అరగంట నడవాలి. మర్నాడు ఆరు పుట్టలు వెతికి, ప్రతి పుట్టలో రెండు రకాల దారుల నుంచీ పదేసి చీమల్ని తీసుకుని, ఆకు మందం తేడా తెలిసేలా ముక్కల వైశాల్యం కూడా గ్రాఫు కాగితం మీద గీసి కొలిస్తే లెక్క నిలబడుతుంది. తేడా ఉందో లేదో తేలకపోయినా పరవాలేదు. మొదటి రోజు డేటాను పక్కన పెట్టి రెండో రోజు మళ్ళీ మొదలుపెట్టడానికి సమయమిచ్చే కోర్సే మంచి కోర్సు. అందుకే ఒక్క పూట ప్రాజెక్టు చాలదంటున్నాం.

రాత్రి పని పగటి పనికి ఏమాత్రం తీసిపోదు. నోట్సు పెన్సిలుతోనే రాయాలి, తడిసినా చెరగదు. పేజీ పైన తేదీ, చోటు, సమయం, వాతావరణం, ఎవరు కొలిచారో, ఎవరు రాశారో ఉండాలి. నిద్రపోయే ముందే పేజీలను ఫొటో తీసి, అంకెలు కంప్యూటరుకెక్కించాలి. మర్నాటికి వాయిదా వేస్తే 1 ఏదో 7 ఏదో రాసినవాళ్ళకే గుర్తుండదు. జట్టులో కొలిచేవాళ్ళు, రాసేవాళ్ళు మారుతూ ఉండాలి. ఒక రకం దారిని ఒకరే, ఇంకో రకాన్ని ఇంకొకరే కొలిస్తే మనుషుల తేడా దారుల తేడాలా కనిపిస్తుంది.

జాతి పేరు తెలియక ప్రాజెక్టులు ఆగిపోవడం ఇంకో బెడద. పనామాలోని బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్ల స్థలంలోనే దాదాపు 300 జాతుల చెట్లున్నాయి. అక్కడ మూడు రోజుల్లో ప్రతిదానికీ పేరు పెట్టాలనుకోవడం అత్యాశ. చూపుకు వేరుగా ఉన్నవాటిని చెట్టు-1, చెట్టు-2, చీమ-1, చీమ-2 అని విడదీసి, నమూనా, ఫొటో దాచుకుంటే విశ్లేషణ నడుస్తుంది. చీమల డీఎన్ఏ పనికైతే నమూనాను 95 శాతం ఇథనాల్ అనే ఆల్కహాలులో ఉంచాలి. చీటీ కూడా పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయాలి. ఆల్కహాలు తగిలితే చాలా రకాల సిరా కరిగిపోతుంది, చీటీ చెరిగిన నమూనా దేనికీ పనికిరాదు. ఇక అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా కోయకూడదు, దేశం దాటించకూడదు. అనుమతి పత్రం కోర్సు పేరు మీద ఉందో లేదో విద్యార్థి స్వయంగా అడిగి చూసుకోవాలి.

భద్రత మాటకొస్తే, లా సెల్వా లాంటి చోట మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి. అక్కడ టెర్సియోపెలో అనే విషసర్పం రాలిన ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. చూడకుండా చెట్టు మానుకు చేయి ఆనించకూడదు, బుల్లెట్ చీమ కుడితే నొప్పి గంటల తరబడి ఉంటుంది. ఆరు దాటితే చీకటే కాబట్టి తలదీపాలు రెండు ఉండాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ చేటే. కాటుపడ్డవాళ్ళను కదలనివ్వకుండా వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందును కోస్టారికాలోనే క్లోడోమిరో పికాడో సంస్థ తయారుచేస్తుంది.

స్థానికుల సంగతి చాలా కోర్సులు పైపైన వదిలేస్తాయి. అది మాకు నచ్చదు. కోస్టారికాలోని గ్వానకాస్తేలో జీవశాస్త్రవేత్తలు డేనియల్ జాంజెన్, విన్నీ హాల్‌వాక్స్ 1980ల చివరి నుంచి స్థానికులకే శిక్షణ ఇచ్చి పారాటాక్సానమిస్టులుగా తీర్చిదిద్దారు. గొంగళిపురుగులను సేకరించి, పెంచి, నమోదు చేసే పని వాళ్ళదే. పుట్ట ఎక్కడుందో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో కొన్ని వారాలకే వచ్చే విద్యార్థికి చెప్పేది అలాంటివాళ్ళే. ప్రాజెక్టు నివేదికలో వాళ్ళ పేరు, చేసిన పని స్పష్టంగా రాయాలి. నివేదిక ఒక ప్రతి, డేటా ఫైలు కేంద్రంలోనే ఉంచి రావాలి. స్పానిష్ నాలుగు ముక్కలైనా నేర్చుకుని వెళ్ళాలి.

దరఖాస్తుకు ముందు నిర్వాహకులకు ఈమెయిల్ పెట్టి నాలుగు సంగతులు తెలుసుకోండి. స్వతంత్ర ప్రాజెక్టుకు ఎన్ని రోజులు? ఒక్కో ఉపాధ్యాయుడికి ఎంతమంది విద్యార్థులు? దగ్గరి ఆసుపత్రి ఎన్ని గంటల దూరం, రాత్రివేళ బండి ఎవరు నడుపుతారు? గత ఏడాది విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు చూపిస్తారా? ఆఖరి దానికి వచ్చే జవాబును బట్టి మిగతా విషయాలు చాలావరకు తెలిసిపోతాయి.